వీపు లేని చొక్కా

పరుశురాం ఇస్త్రీపెట్టెను చెంప దాకా తెచ్చి వేడి చూశాడు. అరచేతుల చర్మం ఎప్పుడో మొద్దుబారింది. వేడి ఇప్పుడు అతనికి చెంపతోనే తెలుస్తుంది. ఇంకా చాలలేదు. మూత తీసి రెండు బొగ్గులు వేసి, అట్టముక్కతో విసిరాడు. నిప్పు కన్నా ముందు పొగ వచ్చింది. పొగ వెంట దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా బండి అంచు పట్టుకుని నిలబడి, పక్క బండి వైపు చూశాడు.

అక్కడ ఎవరూ లేరు.

తార్నాక వైపు నుంచి యూనివర్సిటీలోకి వచ్చే దారిలో, స్టాఫ్ క్వార్టర్ల ప్రహరీ పక్కన కానుగ చెట్టు కింద రెండు ఇస్త్రీ బండ్లుంటాయి. ఒకటి పరుశురాంది, రెండోది తమ్ముడు కొమురెల్లిది. తండ్రి పోయేముందు పొలం పంచినట్టే ఇండ్లూ పంచాడు. క్వార్టర్ల ఇండ్ల బట్టలు పెద్దవాడికి, రోడ్డు అవతల తార్నాక వీధుల బట్టలు చిన్నవాడికి. ఒకరి ఇంటి బట్ట ఇంకొకరు ముట్టరు. ఒకరు తమ ఇండ్లు వదులుకోవాలంటే ముందు రెండోవాడిని అడగాలి. ఒకరు రాని రోజున వాళ్ల మూట రెండోవాడు చేసిపెట్టాలి. దానికి కూలి అడగకూడదు. ఇవి తండ్రి పెట్టిన కట్టుబాట్లు.

నిన్న సాయంత్రం బండి మీద టార్పాలిన్ పట్టా కప్పుతూ కొమురెల్లి చెప్పాడు.

"రేపు నేను రాను అన్నా. బిడ్డ ఫోన్ చేసింది. ఏడుస్తున్నది. ఏమైందే అంటే చెప్పదు. నువ్వు రా బాపు, వస్తెనే చెప్త అంటది."

"ఏడుసుడేంది?"

"ఏమో మరి. నాకైతే కాళ్లు ఆడతలేవు. పొద్దుగాల ఫస్టు బస్సుకు పోత."

పరుశురాం తల ఊపాడు. కాని అడిక్‌మెట్‌లోని గదికి నడిచి వెళ్తున్నంతసేపూ ఆ ఒక్క మాట నోట్లో బెల్లంముక్కలా ఉండిపోయింది. ఏడుస్తున్నది. అన్నం తింటుంటే భార్య సారలమ్మ ఎందుకు నవ్వుతున్నావని అడిగింది. నవ్వుతున్నట్టు అతనికి తెలియలేదు.

కొమురెల్లి కూతురు పూర్ణిమ విమానం నడపడం నేర్చుకుంటోంది. ఊరి అవతల చిన్న విమానాలు దిగే మైదానం ఒకటుంది. అక్కడే బడి, అక్కడే హాస్టలు. రెండే సీట్ల విమానమట. ఒక సీట్లో పిల్ల, పక్క సీట్లో నేర్పే సారు. దాంట్లో గంట ఎగిరితే పదిహేను వేలు. అలాంటి గంటలు రెండు వందలు ఎగిరితే తప్ప లైసెన్సు ఇవ్వరు. కొమురెల్లి ఈ సంగతి చెప్పిన రోజు, చెట్టుకు అవతలి వైపు కుట్టుమిషను పెట్టుకుని కూర్చునే దానియేలు కాళ్లు ఆపేసి నోరు తెరిచాడు.

"గంటకా? నా మిషను గూడ పొద్దంత ఉరుకుతనే ఉంటది కొమురన్నా. నన్ను సికింద్రాబాద్ దాక గూడ తీస్కపోలే."

ముగ్గురూ నవ్వారు. పరుశురాం నవ్వు మిగతా ఇద్దరి కన్నా ముందే ఆగిపోయింది.

సిద్దిపేట వైపు ఊళ్లో అన్నదమ్ములకు చెరొక ఎకరం ఉండేది. పరుశురాం తన ఎకరం పన్నెండేళ్ల కింద అమ్మేశాడు. రామంతాపూర్‌లో షట్టరు అద్దెకు తీసుకుని లాండ్రీ పెట్టాడు. అద్దం తలుపు, వాషింగ్ మిషన్లు, బోర్డు మీద పెద్ద అక్షరాల్లో తన పేరు. ఇక చెట్టు కింద నిలబడేది లేదని, చివరిరోజు తన పాత బండిని కాలితో తన్ని మరీ వెళ్లాడు. రెండేళ్లకు లాండ్రీ మూతపడింది. తిరిగి వచ్చేసరికి చెట్టు కింద అతని జాగా అలాగే ఉంది. వేరేవాళ్లెవరూ ఆక్రమించకుండా కొమురెల్లి ఆ పాత బండిని చెక్కలు కొట్టి నిలబెట్టి, రోజూ దాని చుట్టూ ఊడ్చి ఉంచాడు. క్వార్టర్ల బట్టలు రెండేళ్లు తానే చేసి, ఒక్క ఇల్లు కూడా పోకుండా అప్పగించాడు. ఎందుకు పోయావనలేదు, ఎందుకు వచ్చావనలేదు. ఒక్క మాట అనలేదు. అననందుకే పరుశురాం అతన్ని క్షమించలేకపోయాడు.

తర్వాత ఊరి పక్క నుంచి పెద్ద రోడ్డు వచ్చింది. కొమురెల్లి ఎకరానికి అన్న ఎకరం కన్నా ఇరవై రెట్లు పలికింది. దాన్ని అమ్మే బిడ్డను విమానం బడిలో చేర్పించాడు. మనిషి అదే, మట్టి అదే. మధ్యలో ఓపిక తప్ప ఇంకేమీ లేదు. ఆ ఓపిక కూడా తమ్ముడికి తెలివితో వచ్చింది కాదు, బద్ధకంతో వచ్చిందని పరుశురాం తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. చెప్పుకున్న ప్రతిసారీ కాసేపు తెరిపిగా ఉండేది.

తార్నాక మీదుగా అప్పుడప్పుడు చిన్న విమానం ఒకటి పోతుంది. దాని మోత వినబడగానే కొమురెల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కంటికి చెయ్యి అడ్డం పెట్టి, ఆకుల సందుల్లోంచి వెతుకుతాడు. దానియేలు చూస్తాడు. దారిన పోయే పిల్లలు చూస్తారు. పరుశురాం చూడడు. ఆ కాసేపూ కాలర్లు చేస్తాడు. కాలర్ చేసేటప్పుడు చూపు పక్కకు పోకూడదు.

ముందు తన బట్టలు ముగించాడు. క్వార్టర్లలో ఉండే దయాకర్ సార్ క్లాసుకు పోతూ స్కూటర్ ఆపి చొక్కా తీసుకున్నాడు.

"మీ తమ్ముడు లేడేం? మీ పాప విమానం ఎందాకా వచ్చింది పరుశురాం?"

సార్ రోజూ అడిగేదే. పరుశురాంకు ఒక కొడుకున్నాడని, వాడు పొద్దుటినుంచి రాత్రిదాకా ఇంటింటికీ పార్సిళ్లు మోస్తాడని సార్‌కు తెలుసు. వాడి గురించి ఎప్పుడూ అడగలేదు. అడగడానికి ఏముంటుంది అందులో?

"కష్టమే సార్. మనసోంటోళ్లతోని అయితదా అది?"

"అదేంటి, బాగా నేర్చుకుంటోందన్నాడుగా మీ తమ్ముడు?"

"ఏం జెప్పాలె సార్. పిల్ల ఏడుస్తున్నదట."

"అయ్యో," అన్నాడు సార్. స్కూటర్ వెళ్లిపోయాక కూడా ఆ అయ్యో చెట్టు కింద కాసేపు ఉంది. పూర్ణిమ పేరు వెంట అలాంటి మాట రావడం ఇదే మొదటిసారి.

ఆ తర్వాత తమ్ముడి బండి దగ్గరికి వెళ్లి పట్టా తీశాడు. కొమురెల్లిది గ్యాస్ ఇస్త్రీపెట్టె. పొగ లేదు, బూడిద లేదు. చిన్న మర తిప్పితే చాలు. పోయిన ఏడాది కొన్నప్పుడు అన్నకూ ఒకటి తెస్తానన్నాడు. బొగ్గు వేడి గ్యాస్‌కు రాదని పరుశురాం వద్దన్నాడు. ఇప్పుడు కూడా దాన్ని పక్కకు జరిపి, తన బరువైన ఇత్తడి పెట్టెనే తెచ్చుకున్నాడు.

మూటల కింద నీలం సంచి కనబడింది. అది పూర్ణిమది. వారం వారం తోటి అమ్మాయి కారులో ఆమె విడిచిన బట్టలు ఇంటికి వస్తాయి. వాళ్లమ్మ స్వర్ణ ఉతికి ఇస్తే కొమురెల్లి ఇస్త్రీ చేసి పంపుతాడు. స్వర్ణ లేడీస్ హాస్టల్లో వంటపనికి తెల్లారకముందే పోతుంది. ఇంటికి తాళం ఉండడంతో ఈసారి సంచిని బండి దగ్గరే దించిపోయారు, ఇంకా విప్పలేదు. ఉతకని బట్టలతో పరుశురాంకు పని లేదు. ఆ సంగతి తెలిసే అతను సంచి తాడు లాగాడు.

పైనే ఉంది తెల్ల చొక్కా. తడి ఆరని బట్టను కుక్కినట్టు ముక్కవాసన వచ్చింది. మోచేతుల దగ్గర మట్టి. దులిపి పైకెత్తాడు. చొక్కాలోంచి అవతల రోడ్డు, రోడ్డు మీద బస్సు కనబడ్డాయి.

చొక్కాకు వీపు లేదు. కాలర్ ఉంది, చేతులున్నాయి, ముందు భాగం గుండీలతో సహా ఉంది. వెనక, భుజాల కింది నుంచి అంచు దాకా బట్ట మొత్తం కత్తిరించేశారు.

నలభై ఏళ్లుగా పరుశురాం మనుషులను బట్టల్లోంచే చదివాడు. ఎవరింట్లో జబ్బుందో, ఎవరు వేరే గదిలో పడుకుంటున్నారో, ఎవరి ఉద్యోగం పోయిందో అతనికి వాళ్లు చెప్పక్కర్లేదు. క్వార్టర్ల గేటు దగ్గర పనిచేసిన ఒక గార్డును ఏజెన్సీవాళ్లు తీసేసిన రోజు గుర్తొచ్చింది. చొక్కా వీపు మీద పెద్దగా ఉన్న తమ పేరును చదరపు ముక్కగా కత్తిరించుకుని, మిగతా చొక్కాను అతని మొహాన కొట్టారు. గార్డు దాన్ని తెచ్చి ఏమైనా చెయ్యగలవా అని అడిగాడు. అడుగుతూ ఏడ్చాడు.

పరుశురాం చొక్కాను రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముందు లోపల ఎక్కడో చల్లగా ఏదో దిగింది, ఎండాకాలం కుండలోని మొదటి గుక్క దిగినట్టు. పిల్లను వెళ్లగొట్టారు. ఎగరలేకపోయింది. ఆ ఎకరం కూడా గాలికి పోయింది. ఇప్పుడు ఇద్దరి ఎకరాలూ ఒక్కటే. కొమురెల్లి రేపు పొద్దున ఈ చెట్టు కిందికే వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. ఇక వాడికి పోయే చోటు లేదు.

ఈ చివరి ఆలోచన దగ్గర అతని మనసు ఎందుకో కాసేపు ఆగింది. తమ్ముడు ఎక్కడికో పోతాడని తాను భయపడుతున్నట్టు అంతవరకు అతనికి తెలియదు. తెలిసిన మరుక్షణం దాన్ని పక్కకు నెట్టేశాడు.

సంతోషం అతన్ని మంచివాడిని చేసింది. చొక్కాను బకెట్లో నానబెట్టి, సబ్బు పెట్టి, మట్టి పోయేదాకా రుద్దాడు. ఉతికే పని మానేసి ఎన్నో ఏళ్లయింది, చేతులు మరిచిపోలేదు. ప్రహరీ మీద ఆరేసి, బండి కింది పెట్టె తెరిచి, ఎవరూ తీసుకుపోని బట్టల్లోంచి ఒక తెల్ల చొక్కా తీశాడు. అది క్వార్టర్లలో ఉండి చనిపోయిన ఒక ముసలి ప్రొఫెసర్‌ది. ఇంటివాళ్లు సామాను ఎత్తుకుపోయిన రోజు చొక్కా ఇస్త్రీ బండి మీదే మిగిలిపోయింది. మంచి నూలుబట్ట. పండక్కి తాను వేసుకుందామని దాచుకున్నాడు.

రెండు చొక్కాలూ దానియేలు ముందు పెట్టాడు.

"దీని వీపు తీసి దానికి కుట్టు."

దానియేలు కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని అంచులు చూశాడు. "చినిగింది కాదన్నా ఇది. కత్తెర పడ్డది. గీత గీసినట్టున్నది. ఎవరి అంగీ?"

"మా పూర్ణిమది. ఎల్లగొట్టిన్రు పిల్లను."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరన్న చెప్పాల్నా? బట్ట చెప్తలేదా?"

"నీతోని బట్టలు మస్తు మాట్లాడ్తయి పరుశన్నా." దానియేలు సూదికి దారం ఎక్కిస్తూ ఒక కన్ను మూసి అతని మొహం చూశాడు. "ఏడుసుకుంట చెప్పాల్సిన ముచ్చట, నవ్వుకుంట చెప్తున్నవేందే?"

"నవ్వుడేంది? దగ్గు ఆపుకుంటున్న. కుడ్తవా, కుట్టవా?"

"కుడ్త తీ. పైసలు వద్దు. పిల్ల పాపం, పోయినసారి వచ్చినప్పుడు నా మనవడిని ఎత్తుకుని విమానం లెక్క తిప్పింది."

మధ్యాహ్నం ఎండ కానుగాకుల్లోంచి దిగి బండి దుప్పటి మీద చుక్కలుగా పడింది. పరుశురాం తమ్ముడి మూటలు ఒక్కొక్కటీ విప్పాడు. తార్నాక ఇండ్ల ప్యాంట్లు, డాక్టరు కోట్లు, స్కూలు పిల్లల గౌన్లు. ఒక్క మడత తప్పలేదు. సాయంత్రం ఎలా ఉండాలో పని చేస్తూనే అనుకున్నాడు. వాడు తల వంచుకుని వస్తాడు. ఏమైందని తాను అడగడు. ముందే తెలుసునని కూడా అనడు. కుట్టించి ఇస్త్రీ చేసిన చొక్కా చేతిలో పెడతాడు, టీ తెప్పిస్తాడు. ఒక్క మాట అనడు. పదేళ్ల కింద వాడు ఎలా ఏమీ అనలేదో, సరిగ్గా అలాగే. అది ఎంత బరువుంటుందో వాడికీ తెలియాలి.

దానియేలు కుట్టి ఇచ్చాడు. కొత్త వీపు చక్కగా కుదిరింది. తెలుపులో మాత్రం కొద్దిగా తేడా. పరుశురాం నీళ్లు చిలకరించి, కాలర్‌తో మొదలుపెట్టి చొక్కాను ఇస్త్రీ చేశాడు. వెనక వైపు తిప్పినప్పుడు అంచు దగ్గర, లోపలి మడతలో, చిన్న నల్ల గుర్తు కనబడింది. మూడు చుక్కలు, కింద గీత. ఏ ఇంటి బట్టో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో తాను పెట్టినదే. ఆ ప్రొఫెసర్ ఇంటి గుర్తు. అది చచ్చినా పోదు. గుర్తు లోపలికి పోయేలా మడత పెట్టి, పైన పెట్టె నొక్కాడు.

తర్వాత తమ్ముడి బండి చుట్టూ రాలిన ఆకులు ఊడ్చాడు. వాడి కుండలో నీళ్లు నింపాడు. ఎప్పుడూ చేసే పనులు కావవి.

పొద్దు వాలుతుండగా కొమురెల్లి ట్రాలీ ఆటోలో వచ్చాడు. డ్రైవరు పక్కనుంచి మెల్లగా దిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మనిషి చిక్కిపోయినట్టున్నాడు, లేదా ఎప్పటినుంచో అలాగే ఉన్నాడు. పరుశురాం చేతులు తుడుచుకుని, తాను దాచిపెట్టుకున్న మౌనాన్ని సిద్ధం చేసుకుని నిలబడ్డాడు.

కొమురెల్లి వచ్చి అన్న రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఒక్కతే నడిపిందన్నా."

పరుశురాంకు అర్థం కాలేదు.

"విమానం. పక్కన సార్ లేకుండ. మొన్న. తానొక్కతే పైకి తీసి, చుట్టు తిరిగి, దించింది. దిగంగనే అందరు ఉరికొచ్చి బకెట్లకు బకెట్లు నీళ్లు గుమ్మరిచ్చిన్రట. అంగీ వీపు కత్తిరించి, దాని మీద పేరు, తారీఖు రాసి గోడకు కొట్టిన్రు. మొదటిసారి ఒక్కరే నడిపితే అట్ల చేస్తరట. నేను చూసొచ్చిన. గోడ నిండ వీపులే అన్నా! అండ్ల మన పిల్లది గూడ ఒకటి."

"మరి ఏడిసిందంటివి?"

"అదే అడిగిన. పైకి పోయినంక పక్క సీటు దిక్కు చూసిందట. ఖాళీగ ఉన్నదట. అప్పుడు వచ్చిందట ఏడుపు. దిగినంక గూడ ఆగలేదు, నాకు ఫోన్ చేసినప్పుడు గూడ ఆగలేదు. భయమా బిడ్డా అంటె కాదు బాపు అంటది. ఏందో మరి దానికే తెల్వాలె."

చెట్టు అవతల మిషను చప్పుడు ఆగింది. దానియేలు లేచి వచ్చి, "ముబారక్ కొమురన్నా," అని అతన్ని కౌగిలించుకున్నాడు. కొమురెల్లి సంచిలోంచి లడ్డూల డబ్బా తీశాడు. దానియేలు ఒకటి తాను తీసుకుని, ఇంకొకటి పరుశురాం అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"తిను పరుశన్నా. మస్తు తియ్యగున్నది."

పొద్దున విన్నదేదీ అనలేదు. వెళ్లి మళ్లీ మిషను మీద కూర్చున్నాడు. పరుశురాం లడ్డూ కొరికాడు. మెత్తగానే ఉంది, మింగడానికి మాత్రం నీళ్లు కావాల్సి వచ్చాయి.

కొమురెల్లి చొక్కాను అప్పుడే చూశాడు. ఎత్తి, తిప్పి, కుట్టు మీద వేలు నడిపించాడు. నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

"చినిగిందనుకున్నవా అన్నా? ఉతికినవ్ గూడానా? బిడ్డకు చెప్త. పెద్దబాపు వీపు కుట్టిపిచ్చిండని చెప్త."

"ఏం చెప్పకు," అన్నాడు పరుశురాం. గొంతు గట్టిగా వచ్చింది. "చెప్పేదేమున్నది?"

కొమురెల్లి చొక్కా మడిచి అన్న బండి మీద పెట్టాడు.

"ఇంకో ముచ్చట అన్నా. గాడ విమానాలు పెట్టే షెడ్డుకు వాచ్‌మన్ కావాలన్నరు. రూం ఇస్తరు. బిడ్డకు హాస్టలు ఖర్చు తప్పుతది. ఇంకా చానా గంటలు ఎగరాలె గద. స్వర్ణ గూడ గాడనే వండుతా అంటున్నది. నా ఇండ్లు, వ్యాన్‌ల వచ్చి బట్టలు తీస్కపోయే లాండ్రీ వాళ్లకు ఇచ్చేసిన."

పరుశురాం బండి మీది దుప్పటి అంచు సరిచేశాడు.

"నిన్ను ముందుగాల అడగాలె. బాపు పెట్టిన పద్ధతి అది. అడుగుదమని వారం సంది అనుకుంటున్న. నువ్వు పో అంటె పానం ఆగదు, వద్దంటె నేను పోలేను. అందుకే అడగలే."

"ఎప్పుడు?"

"ఇగ ఇప్పుడే. ఆటో అందుకే తెచ్చిన."

మధ్యాహ్నం నుంచి సిద్ధం చేసుకున్న మౌనం పరుశురాంకు ఇలా పనికొచ్చింది. ఆటో డ్రైవరుతో కలిసి తమ్ముడి బండి ఎత్తించాడు. కుండలో నింపిన నీళ్లు చెట్టు మొదట్లో పోసి, ఖాళీ కుండ అందించాడు. గ్యాస్ ఇస్త్రీపెట్టెను మాత్రం కొమురెల్లి మళ్లీ కిందికి దించాడు.

"ఇది నీకే. ఆ పొగతోని దగ్గు ఎక్కువైతున్నది. మొండికెయ్యకు."

వంగి అన్న కాళ్లు ముట్టి, ఆటో వెనక ఎక్కాడు. ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది. సామాను నడుమ కొమురెల్లి తల కనబడుతూనే ఉంది. అప్పుడు పరుశురాం చూశాడు, చొక్కా బండి మీదే ఉండిపోయింది. ఒక్క కేక వేస్తే వినబడే దూరం. అతను నోరు తెరిచాడు. పైన ఎక్కడో చిన్న విమానం మోత మొదలైంది. ఆటోలోంచి కొమురెల్లి, మిషను దగ్గర దానియేలు తలలెత్తారు. పరుశురాం నోరు మూసుకున్నాడు. పచ్చ లైటు పడింది, ఆటో మలుపు తిరిగింది.

చెట్టు కింద, ఊడ్చి శుభ్రంగా ఉన్న నాలుగు అడుగుల ఖాళీ జాగాలో అప్పుడే ఆకులు రాలుతున్నాయి. బండి మీద చొక్కా మడత చెడకుండా ఉంది. ముందు ఒక తెలుపు, వెనక ఇంకొక తెలుపు, ఆ వెనక అంచు లోపల ఎవరికీ కనబడకుండా మూడు చుక్కలు, ఒక గీత.